ముందు వారం ముహూర్తాలు

మా ఇంట్లో నాకొక పేరుండేది. శుభకార్యం వచ్చిందంటే ఈ పిల్ల మొహం మాడ్చుకుంటుందని. ఊరికే వచ్చిన పేరు కాదు, కష్టపడి సంపాదించుకున్నాను. మా ఇంట్లోనే చేసిన మేనత్త కూతురి ఓణీల నాడు వడ్డనలో నా ఆకు దాటి వెళ్ళిపోయారని భోజనం మానేసి లేచిపోయాను. మా దుకాణానికి కొత్త కాటా కొని పూజ చేస్తుంటే, సాంబ్రాణి పొగ ఎక్కువైందని పంతులుగారితో గొడవ పెట్టుకున్నాను. ఇంకో పూజ నాడు పిన్ని పట్టుచీర కట్టుకుని ఎలా ఉన్నానే అని ముద్దుగా అడిగితే, కిటికీకి కట్టిన పరదాలా ఉన్నావని చెప్పి, ఆవిడకంటే ముందు నేనే ఏడ్చాను. ఏడ్చి, మళ్ళీ ఆవిడే నన్ను ఓదార్చాల్సి వచ్చిందని ఇంకాస్త ఏడ్చాను.

మాది ఒడిశాలోని రాయగడలో కిరాణా హోల్‌సేల్ దుకాణం. దుకాణం వెనకే ఇల్లు. ఇంట్లో నాన్న, అమ్మ, నానమ్మ, నేను. మేనత్త అంటే నాన్నగారి అక్క. ఉండేది పార్వతీపురంలో అయినా, మా ఇంట్లో ఏ కార్యం జరిగినా ముందురోజే దిగేది. దిగగానే నా మొహం చూసి, "అప్పుడే మాడ్సుకున్నావేటి?" అనేది. అప్పటిదాకా మాడకపోయినా ఆ మాటతో మాడేది.

నానమ్మ లెక్కలో ఇదంతా దిష్టి. అందరూ వచ్చే రోజు కదా, పదిమంది కళ్ళూ పడతాయట. ఉప్పూ ఎండుమిరపకాయలూ గుప్పిట పట్టి, నా చుట్టూ తిప్పి పొయ్యిలో వేసేది. ఘాటు రాకపోతే దిష్టి గట్టిగా తగిలినట్టు. మా ఇంటికి అమ్మకానికి పనికిరాని పాత మిరపకాయలే వచ్చేవి, వాటికి ఘాటెక్కడిది? దాంతో నాకు ప్రతిసారీ గట్టి దిష్టే.

ఇక ముహూర్తాల సంగతి చెప్పాలి. మా ఇంట్లో బయట చేరిన ఆడపిల్ల పూజ ఛాయలకు రాకూడదు. వెనక వసారాలో చాప వేసుకుని, ఇంట్లో సందడి అంతా తలుపు సందులోంచి చూడాలి. ఒక్కగానొక్క కూతురు అలా మూల కూర్చోవడం అమ్మకు ఇష్టం లేదు. అందుకని ఏ కార్యం తలపెట్టినా, పంతులుగారి పంచాంగం కంటే ముందు అమ్మ పంచాంగం తెరుచుకునేది. నాకెప్పుడూ ఆలస్యమే తప్ప ముందుగా రాదు. కాబట్టి తర్వాత పెట్టిన ముహూర్తాన్ని నమ్మడానికి లేదు, ఆలస్యమైతే సరిగ్గా దాని నెత్తినే వచ్చి కూర్చుంటుంది. అది వచ్చేదానికి ముందు వారం పెట్టిందయితే ఖాయం. అమ్మ ఈ మాట నాన్నతో నేరుగా అనేది కాదు. "ముందు వారమైతే బాగుంటాది, కూరగాయలు బాగా వస్తాయి" అనేది. నాన్న ఆ కూరగాయల సంగతి పంతులుగారికి మోసేవారు. పంతులుగారు కళ్ళజోడు సవరించుకుని ముందు వారంలో ఒక మంచి ఘడియ పట్టుకునేవారు.

ఇది చదువుతున్నవాళ్ళకు ఈపాటికి నవ్వు వచ్చే ఉంటుంది. మాకు మాత్రం తెలియడానికి ఏళ్ళు పట్టింది.

తొంభైల చివర్లో నన్ను కోరాపుట్‌లో డిగ్రీలో వేశారు. బోటనీ ఆనర్స్, హాస్టల్ చదువు. గదిలో నాతోపాటు దామంజోడి అమ్మాయి ఉండేది. వాళ్ళ నాన్న అక్కడి అల్యూమినా ఫ్యాక్టరీలో ఫిట్టరు, విజయనగరం వైపు మనుషులు. టౌన్‌షిప్‌లో పెరిగిన పిల్ల కాబట్టి హిందీ, ఇంగ్లీషు, ఒడియా అన్నీ కలిపి మాట్లాడేది. కోపం వస్తే మాత్రం అచ్చంగా మా యాసలోకి దిగేది. ఆ యాస వినే భాగ్యం నాకు తరచూ కలిగేది.

ఒకసారి నా బకెట్ తను వాడుకుందని పొద్దున్నే యుద్ధం మొదలుపెట్టాను. బకెట్ దగ్గర మొదలై తన గురక, తన నూనె వాసన, వాళ్ళ టౌన్‌షిప్ గొప్పలు అన్నీ తిరిగి, చివరికి ఆ బకెట్‌నే కౌగిలించుకుని ఏడుస్తూ కూర్చున్నాను. తను నడుం మీద చేతులు పెట్టుకుని చాలాసేపు చూసింది.

"కిందటి నెల కూడా ఇలాగే దువ్వెన కోసం ఏడ్సేవు. తర్వాత ఏటయింది, గుర్తుందా?"

"ఏటయింది?"

"బయట చేరేవు. ఈసారీ అదే. సూసుకో కావాలంటే."

రెండ్రోజులకి తను చెప్పిందే జరిగింది. అప్పుడు ట్రంకు పెట్టె అడుగు నుంచి ఒక పాత ఇంగ్లీషు పత్రిక తీసింది. అందులో ఒక పేజీలో, నెలసరికి ముందు ఆడవాళ్ళకు వచ్చే చిరాకు, ఏడుపు, ఒళ్ళు బరువు, రొమ్ముల నొప్పి, కడుపు ఉబ్బరం, అన్నిటికీ కలిపి ఒక పేరు ఉందని రాశారు. లోకమంతటా చాలామందికి ఉంటుందట. నేను ఆ పేజీని మళ్ళీ మళ్ళీ చదివాను. ముందు ప్రాణం కుదుటపడింది. నాకు పిచ్చీ లేదు, దిష్టీ లేదు. ఆ వెంటనే ఒళ్ళు మండింది.

"అయితే నేను న్యాయంగా కోప్పడినా సరే, దానికి అదొచ్చే టైములే అనేస్తారన్నమాట! బకెట్ నాదా కాదా?"

"నీదే."

"మరి?"

ఈ 'మరి'కి జవాబు ఆ పత్రికలో లేదు. మేమే వెతుక్కున్నాం. మా హాస్టల్లో ప్రతి గది గుమ్మం పక్కనా మంచినీళ్ళ బిందె, దాని మూత మీద ఎవరి స్టీలు గ్లాసు వాళ్ళు పెట్టుకునేవాళ్ళు. ఆ వారం వచ్చిందని తెలిసినప్పుడు గ్లాసు బోర్లించాలి. గ్లాసు బోర్లించిన మనిషి ఏమన్నా వినాలి, తిరిగి అనకూడదు, పని చెప్పకూడదు. బయట చేరాక గ్లాసు మళ్ళీ నిలబెట్టాలి. అప్పుడు ఆ మనిషి అదే మాట మళ్ళీ అంటే అది నిజం, దాని సంగతి తేల్చాలి. అనకపోతే వదిలేయాలి. మొదటి కేసు మా బకెట్‌దే. అప్పటికే ఆ వారం దాటింది కాబట్టి నా గ్లాసు నిలబడే ఉంది, అయినా బకెట్ నాదే అన్నాను. గురక మాట మాత్రం ఎత్తలేదు. తను మర్నాడే పక్కనున్న సెమిలిగుడ సంతకు వెళ్ళి ఎర్రటి బకెట్ కొనుక్కుంది.

ఈ పద్ధతి పక్క గదులకు పాకింది. అప్పుడు తెలిసింది, ఒక్కొక్కరిదీ ఒక్కో తీరని. గునుపూర్ అమ్మాయికి కోపం రాదు, శుభ్రం వస్తుంది. ఆ వారం వరండా అంతా ఆవిడే కడిగేది, మేము ఆవిడ గ్లాసు ఎప్పుడు బోర్లిస్తుందా అని కనిపెట్టుకుని ఉండేవాళ్ళం. ఇంకో ఒడియా పిల్లకి నిద్ర. ఇంకొకామె మామిడికాయ పచ్చడి సీసా పట్టుకుని మంచం దిగేది కాదు. ఒక గడుసుపిండం మాత్రం నీళ్ళు మోసే వంతు తప్పించుకోవడానికి గ్లాసు నెలంతా బోర్లించే ఉంచింది. చివరికి వార్డెన్ వచ్చి, ఈ పిల్ల మంచినీళ్ళే తాగడం లేదని కంగారుపడింది.

వైద్యాలూ మావే. ఆ వారం టీ తగ్గించి చూశాం, కాస్త నయమనిపించింది. చోడి జావ, అదే రాగి జావ, తాగాం, ఆకలి తీరింది, ఏడుపు తీరలేదు. సాయంత్రం జగన్నాథుడి గుడి కొండ ఎక్కి దిగితే నిద్ర బాగా పట్టేది. సీసాలో వేడినీళ్ళు పోసి, తువ్వాలు చుట్టి నడుం కింద పెట్టుకునేవాళ్ళం. అన్నిటికంటే బాగా పనిచేసింది మాత్రం, నాకు ఇలా ఉందని ఇంకొకరికి చెప్పడం. ఆ మాట అనేసరికే సగం బరువు దిగేది.

ఇంత తెలిసినదాన్ని, ఇంటికి వెళ్ళేసరికి ఆ తెలివి ఏమైపోయేదో! హాస్టల్ సంగతులు హాస్టల్లోనే ఉండేవి. ఇంట్లో నా గ్లాసు ఎలా ఉందో చూసేవాళ్ళెవరు?

రెండో ఏడు పరీక్షల ముందు, కొత్త గోదాములో సత్యనారాయణ వ్రతం పెట్టుకున్నాం రమ్మని కబురొచ్చింది. రైలెక్కాను. ఆ దారిలో సొరంగాలు ఎక్కువ. ప్రతి సొరంగంలోనూ పిల్లలు కేకలు పెడతారు. మామూలుగా నేనూ పెడతాను. ఆ రోజు మాత్రం ఎదురుగా కూర్చున్న పిల్లల్ని కసిరి, వాళ్ళ అమ్మ చేత మాటలు పడ్డాను. టికిరి స్టేషన్‌లో ఎవరో పనసపండు బుట్ట ఎక్కిస్తే, ఆ వాసనకి కళ్ళనీళ్ళు వచ్చాయి. రాయగడలో దిగేసరికి నేను మనిషిని కాదు, పెట్లుప్పు దట్టించిన చిచ్చుబుడ్డిని.

వ్రతం కథ బాగానే జరిగింది. ప్రసాదాలు పంచుతుంటే మేనత్త అందరి ముందూ అంది.

"మొక్కల గురించి సదవడానికి అంత దూరం ఎల్లాలేటి? మన పెరట్లో మొక్కలు నేవా?"

నలుగురూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు. "నీకు పెరట్లో ఉన్నది కరివేపో, వేపో కూడా తెలీదు. నీకేటి తెలుసని మాటాడతావు?" అని అరిచి, చేతిలో ఉన్న ప్రసాదం పళ్ళెం కింద పెట్టాను. పెట్టానని నేననుకున్నాను. విసిరింది అన్నారు చూసినవాళ్ళు. గోదాము గచ్చు మీద పళ్ళెం తిరిగి తిరిగి ఆగేదాకా అందరూ దాన్నే చూశారు.

నాన్న నన్ను తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. సాయంత్రం చుట్టాలు వెళ్ళాక అమ్మతో అన్న మాట నాకు వినబడింది. "హాస్టల్ గాలి తగిలీసింది పిల్లకి. పరీక్షలయ్యేక ఇంటికి తెచ్చీసుకుందాం. మూడో ఏడు ఇక్కడే ఊళ్ళో సదువుకుంటాది." ఊళ్ళో చేరితే ఆనర్స్ వదులుకుని మామూలు పాసు కోర్సులో కూర్చోవాలి. అది నాకూ తెలుసు, నాన్నకూ తెలుసు. ఆనర్స్ చేసి, పై చదువు చదివి, లెక్చరర్ కావాలని నా ఆశ. అదంతా ఒక ప్రసాదం పళ్ళెం కింద పడి పోయేలా ఉంది.

కోరాపుట్ వచ్చి దామంజోడి అమ్మాయికి జరిగిందంతా చెప్పాను. అప్పటికి నేను బయట చేరాను కూడా. తను వినీ వినీ ఒక ప్రశ్న వేసింది.

"మీ ఇంట్లో ఫంక్షన్‌కి డేటు ఎవరు పెడతారు?"

అమ్మ పంచాంగం గురించి, కూరగాయల గురించి చెప్పడం మొదలుపెట్టాను. సగంలో తను మంచం మీద వాలిపోయి నవ్వడం మొదలెట్టింది. నవ్వి నవ్వి దగ్గొచ్చింది.

"ఒలే! మీ అమ్మ ఏరి ఏరి, ఎతికి ఎతికి, నీ గ్లాసు బోర్లించే రోజునే ముహూర్తం పెట్టిస్తంది కదే!"

ఓణీలు, కాటా పూజ, పిన్ని చీర, వ్రతం, ఒక్కొక్కటీ గుర్తొచ్చింది. అన్నీ ముందు వారాలే. నన్ను మూల కూర్చోబెట్టకూడదనుకున్న అమ్మ, నెల మొత్తంలో నేను అన్నిటికంటే చెడ్డగా ఉండే రోజుల్లోనే నన్ను ముస్తాబు చేసి, చుట్టాల మధ్యలో నిలబెడుతూ వచ్చింది. ముందు నాకూ నవ్వొచ్చింది. తర్వాత ఏడుపొచ్చింది. తను నా గ్లాసు వంక చూసి, "నిలబెట్టీసేవు కదా, ఏడుపు చెల్లదు" అంది.

పరీక్షలు రాసి, ట్రంకు పెట్టెతో సహా ఇంటికి వచ్చేశాను. అమ్మ వెనక వసారాలో చింతపండు పిక్కలు తీస్తుంటే పక్కన కూర్చుని చెప్పాను. అమ్మ మొదట నమ్మలేదు.

"కోపానికి, దానికి ఏటి సంబంధం? కోపం బుర్రలో ఉంటాది."

"నాకైతే రెండూ కలిసే వస్తన్నాయి. నువ్వే గుర్తు తెచ్చుకో."

అమ్మ చేతిలో పిక్క చేతిలోనే ఉండిపోయింది. గుర్తు తెచ్చుకుంటోందని తెలుస్తోంది. ఆ పిక్క పక్కన పడేసి, "మరి ఎనక పెడితే, లేటయితే ఏటి సేస్తాం?" అంది.

"ఎనక అంటే బాగా ఎనక. ఆ వారం, దాని తర్వాత బయట చేరే రోజులు కూడా దాటిపోనీ."

"అది సరే, మీ నాన్నకి ఎవరు సెప్తారు? నా వల్ల కాదు. ఇన్నేళ్ళూ కూరగాయలతో నెట్టుకొచ్చేను."

ఇక నేనే చెప్పాలి. మధ్యాహ్నం బేరం పలచగా ఉండే వేళ దుకాణంలోకి వెళ్ళాను. నాన్న బెల్లం దిమ్మ ఒకటి చేత్తో నొక్కి చూస్తున్నారు. ఆయన మొహం చూస్తే చెప్పలేనని, బెల్లం దిమ్మ వంకే చూస్తూ చెప్పాను.

"నాన్నా, బయట చేరడానికి ముందు నాకు కోపం, ఏడుపు ఎక్కువ. చాలామంది ఆడపిల్లలకి ఉంటాదట. మన ఇంట్లో ముహూర్తాలన్నీ అప్పుడే పడతన్నాయి. హాస్టల్ గాలి కాదు."

నాన్న బెల్లం దిమ్మను కాటా మీద పెట్టారు. తూచడానికి కాదు, ఎక్కడ పెట్టాలో తెలియక. వీధి వైపు చూశారు, లారీ వెళ్ళేదాకా చూశారు.

"మీ అమ్మకి సెప్పకపోయేవా?"

"సెప్పేను. నీకు సెప్పడానికి అమ్మకి సిగ్గంట."

"నీకు నేదేటి?"

"ఉంది. సదువు మీద ఆశ అంతకన్నా ఎక్కువుంది."

ఆయన మళ్ళీ బెల్లం దిమ్మ చేతిలోకి తీసుకున్నారు. నేను వెళ్ళబోతుంటే వెనక నుంచి, "మరి నానమ్మ కాశీ సమారాధన ఎప్పుడు పెట్టమంటావు?" అన్నారు. నానమ్మ, మేనత్త కలిసి అప్పుడే కాశీ వెళ్ళి వచ్చారు. గంగాజలానికి పూజ చేసి ఊళ్ళో వాళ్ళకు భోజనాలు పెట్టాలి. మా ఇంట్లో ఏ ఆడమనిషినీ ఎవరూ అలా అడగడం నేను వినలేదు. నేను సిగ్గుపడుతూనే ఒక వారం చెప్పాను. పంతులుగారు మామూలుగా ముందు వారం చెప్పబోతే, నాన్న వద్దన్నారట. ఎందుకని అడిగితే, "సరుకు రావాల" అన్నారట. అమ్మ కూరగాయలు, నాన్న సరుకు. మా ఇంట్లో నిజం ఎప్పుడూ సంతకు వెళ్ళి తిరిగొచ్చేది.

సమారాధన నాడు పొద్దున్నే లేచి ముగ్గు వేశాను. పులిహోర కలిపాను. పంతులుగారు పొగ వేస్తే దగ్గి ఊరుకున్నాను. నానమ్మ ఉప్పూ మిరపకాయలూ సిద్ధంగా పెట్టుకుని నా చుట్టూ తిరిగింది, పనిలేక మిరపకాయలు మళ్ళీ డబ్బాలో పోసింది. నాన్న వడ్డన చూసుకుంటున్నట్టే ఉన్నారు కాని, కళ్ళు నా మీదే. పంక్తి మధ్యలో మేనత్త మొదలెట్టింది.

"ఇంక ఇంటికొచ్చీసినట్టే కదా! మొక్కల సదువుకి అంత దూరం ఎందుకని నేనప్పుడే అన్నాను."

వడ్డించేవాళ్ళందరి చేతులూ ఆగాయి. నాన్న చెయ్యి కూడా. నేను మేనత్త ఆకులో పులిహోర వడ్డిస్తూ నవ్వాను.

"అత్తా, నీకు పెరట్లో ఉన్నది కరివేపో, వేపో తెలీదు. కాశీ ఎల్లొచ్చినా తెలీలేదు. నీలాటోళ్ళకి సెప్పడానికైనా నేను సదవాల కదా!"

అదే మాట. ఒక్క అక్షరం వెనక్కి తీసుకోలేదు. మేనత్త గట్టిగా నవ్వి, "ఓలమ్మో, దీని నోరు!" అంది. పక్కన కూర్చున్న వాళ్ళందరికీ, పెరట్లో కరివేపాకనుకుని వేపాకు కోసి పోపులో వేసిన తన పాత కథ తానే చెప్పుకుంది. పంక్తి అంతా నవ్వింది. నాన్న పప్పు గిన్నెతో ముందుకు కదిలారు. ఆ సాయంత్రం నా ట్రంకు పెట్టె అటక మీద నుంచి దించి, దుమ్ము దులిపి గదిలో పెట్టారు. మూడో ఏడూ కోరాపుట్‌లోనే అన్నమాట. నేను ఆ పెట్టె మీద కూర్చుని ఆనందంతో ఏడ్చాను. ఆ ఏడుపుకి ఏ వారంతోనూ పని లేదు.

వానలు పడ్డాక కాలేజీ తెరిచారు. స్టేషన్‌కి ఎప్పుడూ నాన్న ఒక్కరే వచ్చేవారు. ఈసారి అమ్మ కూడా వస్తానంది. నాన్న టికెట్ కోసం వెళ్ళారు. ప్లాట్‌ఫారం బెంచీ మీద నా పక్కన కూర్చుని, అమ్మ చీర కొంగు వేలికి చుట్టుకుంటూ చెప్పింది.

"నా పెళ్ళి ముహూర్తం కూడా మా అమ్మ అలాగే పెట్టించింది, అమ్మీ. ముందు వారం. పీటల మీద కూసుని ఒకటే ఏడుపు. తలంబ్రాలు పోస్తుంటే కసురుకున్నాను. కొత్త కోడలు కోపిష్టిదని మీ అత్త ఆ రోజే అనీసింది. అందరూ అదే అన్నారు."

"నువ్వేటన్నావు?"

"ఏటంటాను? ఇన్నేళ్ళూ నా బుద్దే అంతనుకున్నాను."

అమ్మ చెయ్యి పట్టుకున్నాను. చింతపండుతో గరుకెక్కిన చెయ్యి. హాస్టల్ గదిలో ఒక గ్లాసు బోర్లించుకుని నేను తెలుసుకున్న సంగతి, అమ్మకు తెలియకుండానే సగం జీవితం గడిచింది. అమ్మకు ఆ మాట చెప్పేవాళ్ళు ఒక్కరూ లేకపోయారు. రైలు కూత వినబడింది. నాన్న టికెట్ పట్టుకుని, గొడుగు ముడవడం చేతకాక తిట్టుకుంటూ, తడిసి వస్తున్నారు. అమ్మ ఆయన వంక చూసి, నా చెవి దగ్గరికి వంగింది.

"ఆయన మీద నాకుండే కోపం మాత్రం వేరు. అది నెల పొడుగునా ఉంటాది. దీన్లో కలపీకు."

ఇద్దరం పడి పడి నవ్వాం. ఏమిటని నాన్న అడిగారు. కూరగాయల గురించని చెప్పి, అమ్మ ఆయన చేతిలోంచి గొడుగు తీసుకుని ముడిచింది.